స్టీలు పళ్లెం పడితే మోగింది, అద్దం పగిలితే మోగుతుందా?

ప్రశ్న: నమస్కారమండీ. మేం డల్లాస్ శివార్లలో ఉంటాం. ఇల్లు కొని మూడేళ్లయింది. కింద లివింగ్ రూమ్, దాన్ని ఆనుకుని వంటిల్లు, మధ్యలో గోడ లేదు. వెనక బ్యాక్‌యార్డ్‌లోకి పెద్ద స్లైడింగ్ గ్లాస్ డోర్, దాని పక్కన రెండు పొడవాటి కిటికీలు. కింద ఉన్న ఒక్క బెడ్‌రూమ్‌లో గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య గారు పడుకుంటారు. మేమూ పిల్లలూ పైన. తలుపులన్నిటికీ సెన్సర్లు, హాల్లో ఒక మోషన్ సెన్సర్ ఉన్నాయి. కిందటేడు ఆన్‌లైన్‌లో చవకగా దొరికితే గ్లాస్ బ్రేక్ సెన్సర్ ఒకటి తెచ్చి పెట్టాం. స్టీలు పళ్లెం కింద పడితే మోగేది, అత్తయ్య గారు పూజలో గంట కొడితే మోగేది. విసుగొచ్చి తీసేశాం. పోయిన నెల మా వీధి చివర ఒకరింట్లో, వాళ్లంతా పైన నిద్రపోతుండగానే వెనక తలుపు అద్దం పగలగొట్టుకుని లోపలికి వచ్చారట. వాళ్లకీ అలారం ఉంది, ఆన్‌లోనే ఉంది, కానీ మోగలేదు. అప్పట్నుంచి నాకు రాత్రిళ్లు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. డిసెంబరులో అందరం నాలుగు వారాలు ఇండియా వెళ్తున్నాం, అదొక టెన్షన్. నమ్మదగిన గ్లాస్ బ్రేక్ సెన్సర్ ఏ బ్రాండుదో ఒక్క పేరు చెప్పండి చాలు.

జవాబు: అమ్మా, ఒక్క పేరు చెప్పడం నాకు సులువే. కానీ ఒకే పేరున్న సెన్సర్ ఒకరింట్లో ఏళ్ల తరబడి చక్కగా పనిచేయడం, ఇంకొకరింట్లో వారం తిరక్కుండానే డ్రాయర్‌లోకి చేరడం నా కళ్లతో చూశాను. హ్యూస్టన్ చుట్టుపక్కల ఇళ్లకు అలారాలు బిగించే పనిలో 18 ఏళ్లున్నాను. గ్లాస్ బ్రేక్ సెన్సర్ అంటే గోడకు పెట్టిన చెవి. ఎంత మంచి చెవి అయినా అది ఏ గదిలో ఉంది, అద్దానికి ఎంత దూరంలో ఉంది, మధ్యలో ఏ కర్టెన్ వేలాడుతోంది అన్నదాన్ని బట్టే వింటుంది. పేర్లు తప్పకుండా చెబుతాను. ముందు మీ వీధి చివరి ఇంటి సంగతి మాట్లాడుకుందాం, మీ నిద్ర చెడగొట్టింది అదే కాబట్టి.

వాళ్ల అలారం చెడిపోయి ఉండనక్కర్లేదు. తలుపు సెన్సర్‌లో రెండు ముక్కలుంటాయి. ఒకటి అయస్కాంతం, రెండోది అది దగ్గర్లో ఉందా లేదా అని చూసే స్విచ్. తలుపు జరిగితే రెండూ విడిపోతాయి, అలారం మోగుతుంది. తలుపు జరగకుండా మధ్యలో ఉన్న అద్దం మాత్రమే రాలిపోతే ఆ రెండు ముక్కలూ ఉన్నచోటే ఉంటాయి. ఆ ఖాళీలోంచి మనిషి నడిచి వచ్చినా సెన్సర్ లెక్కలో తలుపు మూసే ఉంది. ఇక మోషన్ సెన్సర్ సంగతి. రాత్రి పడుకునే ముందు మనం అలారాన్ని 'స్టే' మోడ్‌లో పెడతాం. ఆ మోడ్‌లో లోపలి మోషన్ సెన్సర్లను మామూలుగా పక్కన పెట్టేస్తారు. లేకపోతే అర్ధరాత్రి మంచినీళ్లకు లేచినవాళ్ల మీదే సైరన్ మోగుతుంది. అంటే ఇంట్లో మనుషులు పడుకుని ఉన్న వేళ, వెనక అద్దానికి కాపలా ఉన్నది ఎవరూ లేరు. ఇలా ఖాళీ వదిలేసిన ఇళ్లు నేను చాలా చూశాను. మీ ఇల్లు కూడా ఈ రోజుకి అలాగే ఉంది.

కాబట్టి మీ భయంలో అర్థముంది. మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందన్న మాట దొంగల దాకా ఎప్పుడో వెళ్లింది. 2011-2014 మధ్య జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సాస్ రాష్ట్రాల్లో ఆసియా, భారతీయ కుటుంబాల ఇళ్లనే ఎంచుకుని దోచిన ముఠా మీద ఫెడరల్ కోర్టులో కేసు నడిచింది, శిక్షలూ పడ్డాయి. మిమ్మల్ని ఇంకా భయపెట్టాలని చెప్పడం లేదు. ఈ సెన్సర్ మీద పెట్టే ఖర్చు, శ్రమ వృథా పోవని చెబుతున్నాను. మనిషి లోపల అడుగు పెట్టకముందే, మీరంతా ఇంట్లో ఉండగానే మోగగలిగేది ఇదే.

ఇప్పుడు మీ పాత సెన్సర్ పూజగంటకు ఎందుకు మోగిందో చూద్దాం. అద్దం పగిలేటప్పుడు వెంట వెంటనే రెండు శబ్దాలు వస్తాయి. దెబ్బ పడగానే అద్దం మొత్తం ఒక్క క్షణం లోపలికి వంగుతుంది. అప్పుడు గదిలోని గాలిని తోసే బొంగురు 'ధబ్' ఒకటి వస్తుంది. దాన్ని మన చెవి అంతగా పట్టుకోదు కానీ మైకు పట్టుకుంటుంది. దాని వెనకే, సెకనులో చిన్న ముక్కంత తేడాతో, గాజు చిట్లి ముక్కలు గలగల రాలే సన్నటి శబ్దం. మంచి సెన్సర్ ఈ రెండూ వచ్చాయా, ఈ వరసలోనే వచ్చాయా, వాటి మధ్య ఎడం సరిపోయిందా అని చూసుకుంటుంది. స్టీలు పళ్లెం పడితే సన్నటి మోత వస్తుంది కానీ దాని ముందు ఆ 'ధబ్' ఉండదు. పిల్లలు తలుపు ధడాలున వేస్తే 'ధబ్' ఉంటుంది, వెనక గలగల ఉండదు. మీరు కొన్న చవక సెన్సర్ ఒక్క సన్నటి మోతనే చూసుకునే రకం అయ్యుండాలి. దానికి గంటకీ గాజుకీ తేడా తెలియదు. దాన్ని తీసేసి మంచి పని చేశారు. మాటిమాటికీ అబద్ధంగా మోగే అలారాన్ని చివరికి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు, అది నిజంగా మోగిన రోజు కూడా.

కొనేటప్పుడు పెట్టె మీద బొమ్మలు వదిలేసి, లోపలి సూచనల కాగితం కంపెనీ సైటులో దొరుకుతుంది, అది చదవండి. అందులో చూడాల్సినవి చెబుతాను. ఈ రెండు దశల శబ్ద పరీక్ష ఉందో లేదో రాస్తారు. 'డ్యూయల్' అనో 'ఫ్లెక్స్' అనో మాట కనిపిస్తుంది. ఏ రకం అద్దానికి పనిచేస్తుందో రాస్తారు: మామూలు గాజు, టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచినది), లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది), రెండు పొరల గాజు, ఎంత మందం దాకా, కనీసం ఎంత సైజు ఉండాలి అని. దొంగతనాన్ని పసిగట్టే సెన్సర్లకు అమెరికాలో ఉన్న యూఎల్ 639 ప్రమాణం ప్రకారం పరీక్ష అయిందా అన్నది ఇంకొకటి. లండన్‌లోనో ఐర్లాండ్‌లోనో ఉండి ఇది చదివేవాళ్లు ఈఎన్ 50131-2-7-1 అన్న నంబరు కోసం చూడాలి, శబ్దం విని పనిచేసే గ్లాస్ బ్రేక్ సెన్సర్లకు యూరప్ ప్రమాణం అది. ఈ వివరాలేవీ రాయని వస్తువుకు ఎన్ని స్టార్లున్నా నేను నా చెల్లెలి ఇంట్లో పెట్టను.

మీ అద్దాల సంగతి. అమెరికాలో స్లైడింగ్ తలుపుల అద్దం మనుషులు గుద్దుకున్నా కోసుకోని రకంగా ఉండాలన్న ఫెడరల్ నియమం 1977 నుంచి ఉంది. అందుకే మీ తలుపు అద్దం టెంపర్డ్ అయ్యుంటుంది. అద్దం మూలలో చిన్న ముద్ర ఉంటుంది, వంగి చూడండి. టెంపర్డ్ గాజు పగిలితే పెద్ద పెంకులు రావు. మొత్తం ఒక్కసారిగా పటికబెల్లం ముక్కల్లా చిన్నచిన్నగా రాలిపోతుంది. ఒక్క దెబ్బకు తలుపంత దారి తెరుచుకుంటుంది, అదే దాని బలహీనత. పక్క కిటికీలు తలుపుకు బాగా దగ్గరగా ఉంటే అవీ టెంపర్డ్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇక మీ ఇల్లు మరీ పాతది కాకపోతే అద్దాలు రెండు పొరలుగా ఉండి ఉంటాయి. అలాంటి వాటిలో బయటి పొర ఒక్కటే చిట్లితే చాలా సెన్సర్లు మోగుతాయన్న హామీ లేదు, రెండూ పగిలితేనే లెక్క. దానికి కంగారు పడకండి. మనిషి లోపలికి రావాలంటే రెండూ పగలాల్సిందే.

పేర్లు అన్నారు. అది మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న ప్యానెల్ మీద, అంటే సెన్సర్లన్నీ కబురు పంపే అలారం పెట్టె మీద ఆధారపడుతుంది, ఎందుకంటే వైర్‌లెస్ సెన్సర్లన్నీ ఒకే భాష మాట్లాడవు. హనీవెల్, టూగిగ్ కంపెనీల సెన్సర్లు 345 మెగాహెర్ట్జ్ రేడియో ఫ్రీక్వెన్సీ మీద, పాత జీఈ లేదా ఇంటర్‌లాజిక్స్ వాళ్లవి 319.5 మీద, డీఎస్‌సీ పాతవి 433 మీద నడుస్తాయి. ఒకదానివి ఇంకొకదానికి అతకవు. ఈ ముక్క తెలియక కొని, వెనక్కి పంపలేక దాచిపెట్టుకున్నవాళ్లు చాలామంది. హనీవెల్ తరహా ప్యానెల్ అయితే 5853 అన్న వైర్‌లెస్ సెన్సర్ నాకు బాగా అలవాటైనది. 25 అడుగుల దాకా వింటుంది, చిన్న గదులకు ఆ వినికిడిని 15, 10, 5 అడుగులకు తగ్గించుకునే స్విచ్చులున్నాయి. వైరు లాగి ఉన్న ఇల్లయితే అదే కుటుంబంలో ఎఫ్‌జీ-1625. ఇళ్లు కట్టేటప్పుడే బిల్డర్లు లాగిపెట్టే వైర్లు చాలాచోట్ల తలుపు సెన్సర్ల కోసం వేసిన రెండు తీగలవే. ఈ సెన్సర్‌కి కరెంటుకు రెండు, కబురుకు రెండు, మొత్తం నాలుగు కావాలి. ఉన్న వైరుకే తగిలిస్తానని ఎవరైనా అంటే ముందు తీగలు లెక్కపెట్టమనండి. కొత్త ప్యానెల్ కొనే ఆలోచన ఉంటే పవర్‌జీ అన్న వైర్‌లెస్ రకం వైపు చూడండి. సెన్సర్‌కీ ప్యానెల్‌కీ మధ్య మాటలు 128 బిట్ల ఎన్‌క్రిప్షన్‌తో, అంటే బయటివాళ్లకు అర్థం కాని రహస్య సంకేతంగా వెళ్తాయి, ఫ్రీక్వెన్సీ మారుతూ ఉంటుంది. పాత 345, 319.5 సెన్సర్లకు ఆ రక్షణ లేదు. మీరే బిగించుకునే రింగ్, సింప్లీసేఫ్ లాంటివి వాడుతుంటే వాటి సొంత గ్లాస్ బ్రేక్ సెన్సర్లే తీసుకోవాలి. రింగ్ వాళ్లు 25 అడుగులు, సింప్లీసేఫ్ వాళ్లు 20 అడుగులు అంటారు. ఇవన్నీ పనికొచ్చేవే. వీటి మధ్య తేడా కంటే, వీటిలో ఒకదాన్ని సరైన చోట పెట్టడానికీ తప్పు చోట పెట్టడానికీ మధ్య తేడా చాలా పెద్దది.

అలెక్సా లాంటి స్మార్ట్ స్పీకర్లు కూడా అద్దం శబ్దం వింటాయి కదా అని చాలామంది అడుగుతారు. కరెంటు పోతే దానికి చెవుడు. ఇంటర్నెట్ పోతే మూగ. అలారం సెన్సర్‌కు బ్యాటరీ ఉంటుంది, అది బతికే ఉందా లేదా అని ప్యానెల్ ఎప్పటికప్పుడు కనుక్కుంటుంది. స్పీకర్ ఉంటే ఉండనివ్వండి, దాన్ని నమ్ముకుని ఇది మానేయకండి.

ఇక మీ గది. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

25 అడుగులు అన్నది ఖాళీ గదిలో, అడ్డం లేకుండా ఉన్న లెక్క. మీరు టేపు పట్టి కొలవండి, అదీ అద్దం దగ్గరి అంచుకు కాదు, దూరపు కిటికీ చివరి అంచు దాకా. 20 దాటితే రెండు సెన్సర్లు పెట్టుకోమనే నా సలహా. సెన్సర్ నిలబడే చోటు నుంచి అద్దాలన్నీ కనిపించాలి. మీరు ఆ చోట నిలబడి చూస్తే ఏ అద్దం కనిపించదో దాన్ని సెన్సర్ సరిగ్గా వినదనుకోండి. ఆ సన్నటి శబ్దం మూల తిరిగి రావడం కష్టం. అద్దాలకు ఎదురు గోడ మంచిది, కుదరకపోతే సీలింగ్. మీ లివింగ్ రూమ్ పై అంతస్తు దాకా తెరిచి ఉంటే ఆ ఎత్తు సీలింగ్ వద్దు, దూరం అక్కడే ఖర్చయిపోతుంది. ఎదురు గోడ మీద మనిషి తలకు కాస్త పైన పెట్టించండి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, సీలింగ్ ఫ్యాన్ కింద, టీవీ స్పీకర్ పక్కన వద్దు. వీటికి కనీసం నాలుగడుగుల ఎడం ఉండాలి.

ఎదురు గోడ అన్నాను కానీ, మీ ఎదురు గోడ వంటింటి వైపుంటే? అప్పుడు ఆ చెవి సింకు పక్కన నిలబడినట్టే. సెన్సర్ల కంపెనీలే వంటింట్లో, బాత్రూమ్‌లో, లాండ్రీ గదిలో పెట్టవద్దంటాయి. గంటల దగ్గర వద్దని ప్రత్యేకంగా రాసిన సూచనల కాగితం నేను చదివాను. రాసినవాళ్లు పూజగదిని ఊహించి ఉండరు గానీ మాట మాత్రం మనకే. మన ఇళ్లలో పొద్దున్నే మిక్సీ, కుక్కర్ విజిల్, స్టాండులోంచి జారిపడే స్టీలు గ్లాసులు, పండగ రోజు కొబ్బరికాయ కొట్టే చప్పుడు. అమెరికా వాళ్ల ఇంటి చప్పుళ్లకు సరిపెట్టిన వినికిడి మనకు ఒక మెట్టు ఎక్కువవుతుంది. మీలాంటి ఇళ్లలో నేను చేసేది ఇది: సెన్సర్‌ని వంటింటికి దూరంగా, స్లైడింగ్ డోర్ ఉన్న గోడకు పక్క గోడ మీద పెడతాను. అద్దానికి పది, పన్నెండు అడుగుల్లో ఉండేలా చూసి వినికిడిని 15 అడుగుల మెట్టుకు దించుతాను. దగ్గరగా పెట్టి తక్కువ వినమనడం, దూరంగా పెట్టి ఎక్కువ వినమనడం కంటే మేలు. అద్దం స్పష్టంగా వినిపిస్తుంది, వంటిల్లు మసకగా వినిపిస్తుంది.

కర్టెన్ల మాట చెప్పకుండా ఉండలేను. చాలా ఏళ్ల కిందట ఒక ఇంట్లో ఎదురు గోడ మీద సెన్సర్ పెట్టి, మధ్యాహ్నం పూట పరీక్ష చేసి, బ్రహ్మాండంగా ఉందని చెప్పి వచ్చాను. ఆ ఇంట్లో ఎండ ఆపడానికి దళసరి లైనింగ్ కర్టెన్లున్నాయి. నేను వెళ్లినప్పుడు పక్కకు లాగి ఉన్నాయి. రాత్రి వాటిని మూసేస్తారు. దొంగ రాత్రి వస్తే అప్పుడు అవి మూసే ఉంటాయి. నెల తర్వాత వేరే పని మీద వెళ్లి, మూసి ఉన్న కర్టెన్లతో పరీక్ష చేస్తే సెన్సర్ ఉలకలేదు, పలకలేదు. ఆ నెల రోజుల్లో ఏమీ జరగలేదు కాబట్టి సరిపోయింది. ఆ కుటుంబం నన్ను నమ్మి నిద్రపోయిందన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. దళసరి కర్టెన్లుంటే సెన్సర్‌ని కర్టెన్‌కి వెనక వైపు, కిటికీ ఫ్రేమ్ పైభాగాన పెట్టాలి. ఇదీ సూచనల కాగితంలో ఉండే మాటే. పల్చటి బ్లైండ్స్ అయితే అంత ఇబ్బంది లేదు, అయినా మూసి పరీక్షించాలి.

అత్తయ్య గారి బెడ్‌రూమ్‌కి ఇది వద్దు. హాల్లో సెన్సర్ గోడ దాటి ఆ గది కిటికీని వినదు, కాబట్టి దానికి వేరే కాపలా కావాలి. చిన్న గదుల్లో శబ్దం గోడలకు కొట్టుకుని గందరగోళమవుతుంది, పది అడుగులకు పది కంటే చిన్న గదిలో పెట్టవద్దని సూచనలు కూడా ఉన్నాయి. పైగా ఆమె దగ్గు, మందు సీసా జారడం, రేడియో అన్నీ దాని చెవిన పడతాయి. ఆ కిటికీకి షాక్ సెన్సర్ పెట్టించండి. అది శబ్దం వినదు, గాజుకో ఫ్రేమ్‌కో అంటుకుని ఉండి దెబ్బ అదురును పట్టుకుంటుంది. ఒక అద్దానికి ఒకటి కావాలి కాబట్టి పెద్ద హాల్లో ఖర్చు పెరుగుతుంది గానీ ఒక్క కిటికీ గదికి అదే సరి. గంట కొట్టినా, దగ్గినా దానికి పట్టదు. మన టెక్సాస్ వడగళ్లకు ఉలిక్కిపడకుండా దాని సున్నితాన్ని సరిచేయించుకోవాలి, అంతే. పాత రోజుల్లో ఇక్కడ షాపుల అద్దాల అంచు వెంట వెండి రంగు సన్నటి రేకు పట్టీ అంటించేవాళ్లు, అందులో కరెంటు పారుతుండేది, అద్దం చిట్లితే పట్టీ తెగి అలారం మోగేది. షాక్ సెన్సర్ కూడా అలాగే అద్దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది.

ఇప్పుడు పరీక్ష. ఇన్‌స్టాలర్ వస్తే మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: 'టెస్టర్ తెచ్చారా?' గాజు పగిలే శబ్దాన్ని సరైన కొలతలో వినిపించే చిన్న పరికరం ఉంటుంది, హనీవెల్ వాళ్లది ఎఫ్‌జీ-701. ఒక కంపెనీ టెస్టర్ ఇంకో కంపెనీ సెన్సర్‌కి సరిపోతుందన్న నమ్మకం లేదు. చప్పట్లు కొట్టి లైటు వెలిగింది చూడండి అంటే మైకు బతికి ఉందని మాత్రమే అర్థం. ఫోన్‌లో అద్దం పగిలే వీడియో పెట్టి చూస్తే కూడా ఏమీ తేలదు, ఆ చిన్న స్పీకర్‌లోంచి ఆ బొంగురు 'ధబ్' రాదు. మోగకపోతే సెన్సర్ చెడ్డదనీ, మోగితే మంచిదనీ రెండు విధాలా పొరపడతాం.

పరీక్షకు ముందు మానిటరింగ్ కంపెనీకి, అంటే అలారం మోగితే మీకు ఫోన్ చేసి పోలీసులకు కబురిచ్చే వాళ్లకి, ఫోన్ చేసి టెస్ట్‌లో పెట్టించండి, లేకపోతే పోలీసులు వస్తారు. తర్వాత రాత్రి ఇల్లు ఎలా ఉంటుందో అలా పెట్టండి. కర్టెన్లు మూసి, ఏసీ నడుస్తూ, లోపలి తలుపులు మామూలుగా ఎలా ఉంటే అలా. టెస్టర్‌ని ఒక్కో అద్దం దగ్గర, అదీ సెన్సర్‌కి దూరపు మూలన పట్టుకోవాలి. మెత్తటి గుడ్డ చుట్టిన దానితో గాజును చిన్నగా తడితే ఆ 'ధబ్', టెస్టర్ నుంచి గలగల. అన్ని అద్దాలకూ మోగాలి. ఒక్కదానికి మోగకపోయినా సెన్సర్ జరపాలి.

అది సగమే. రెండో సగాన్ని ఏ ఇన్‌స్టాలరూ చేయరు, మీరే చేసుకోవాలి. అలారాన్ని టెస్ట్‌లోనే ఉంచి మీ ఇంటి చప్పుళ్లన్నీ ఒక్కొక్కటిగా చేయండి. స్టీలు పళ్లెం గచ్చు మీద వేయండి. మిక్సీ తిప్పండి. అత్తయ్య గారిని పిలిచి రోజూ కొట్టినంత గట్టిగా గంట కొట్టమనండి. కొబ్బరికాయ కొట్టండి. పిల్లల్ని గోల చేయమనండి, అడగక్కర్లేకుండానే చేస్తారు. ఏ చప్పుడుకు మోగిందో రాసుకుని, వినికిడి ఒక మెట్టు దించి, మళ్లీ మొదటి సగం పరీక్ష. రెండు సగాలూ ఒకే సెట్టింగులో నెగ్గాలి. ఒక సాయంత్రం పోతుంది. నెగ్గకపోతే ఆ చోటు తప్పు, ఇంకో చోటు చూడాలి. మీరు అడిగిన నమ్మదగిన సెన్సర్ అంటే మీ ఇంట్లో ఈ రెండు పరీక్షలూ నెగ్గినది, దాని మీద ఏ పేరున్నా సరే.

ప్యానెల్‌లో దాన్ని ఎలా రాయించాలన్నది చిన్న విషయమే గానీ తప్పు జరిగేది అక్కడే. 'స్టే', 'అవే' (అందరూ బయటికి వెళ్లినప్పుడు పెట్టేది) రెండు మోడ్‌లలోనూ పనిచేయాలి, మోగడానికి ఆలస్యం ఉండకూడదు. తలుపు సెన్సర్‌కి కోడ్ కొట్టడానికి 30 సెకన్లో 60 సెకన్లో ఇస్తాం, అద్దం పగిలాక ఎవరికీ అంత సమయం ఇవ్వనక్కర్లేదు. అలాగని 24 గంటల జోన్‌లో, అంటే అలారం ఆపేసి ఉన్నా ఎప్పుడూ వింటూ ఉండేలా, పెట్టించకండి. పగలంతా వంట చేసుకునే ఇంట్లో అది మళ్లీ మొదటికొస్తుంది.

మీ నగరంలో అలారం పర్మిట్ తీసుకున్నారో లేదో చూసుకోండి. టెక్సాస్‌లో చాలా నగరాలు అడుగుతాయి. రాష్ట్ర చట్టం ప్రకారం 12 నెలల్లో మూడు ఫాల్స్ అలారాల దాకా జరిమానా వేయకూడదు, ఆ తర్వాత 50 డాలర్ల నుంచి మొదలై పెరుగుతుంది. అలారం బిగించే కంపెనీకి డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీ లైసెన్సు ఉండాలి, నంబరు అడిగితే తప్పు పట్టుకునేవాళ్లతో పని చేయించుకోకండి.

సెన్సర్ అద్దాన్ని కాపాడదు, పగిలిందని చెబుతుంది. అందుకని స్లైడింగ్ డోర్ కింది పట్టాలో సరిగ్గా కోసిన కర్ర ముక్క ఒకటి పడేయండి, గొళ్లెం తీసినా తలుపు జరగదు. అద్దానికి సెక్యూరిటీ ఫిల్మ్ వేయించుకుంటే పగిలినా ఊడిపోకుండా పట్టుకుని దొంగను ఆలస్యం చేస్తుంది. కానీ ఫిల్మ్ వేస్తే పగిలే శబ్దం మారుతుంది, సెన్సర్ కంపెనీ దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కోవాలి. రెండూ కావాలంటే ఆ తలుపుకు షాక్ సెన్సర్ కూడా పెట్టించడం క్షేమం.

హైదరాబాద్‌లో విల్లా కొన్న మా తమ్ముడు కూడా ఈ మధ్య ఇదే అడిగాడు. గ్రిల్స్ ఉన్న కిటికీకి ఈ సెన్సర్ అక్కర్లేదని చెప్పాను. అందం కోసం గ్రిల్ తీసేసి పెద్ద యూపీవీసీ స్లైడింగ్ పెట్టించుకున్న హాలుకు మాత్రం ఇక్కడ చెప్పినవన్నీ వర్తిస్తాయి.

డిసెంబరు ప్రయాణానికి. వైర్‌లెస్ సెన్సర్లలో చాలావాటికి సీఆర్123ఏ లిథియం బ్యాటరీ ఉంటుంది. దాని వయసు తెలియకపోతే వెళ్లే ముందు వారం మార్చేయండి, మార్చాక ఒకసారి పరీక్షించండి. ప్యానెల్ లోపలి పెద్ద బ్యాటరీ సంగతీ అంతే. ఇంటర్నెట్ పోయినా కబురు వెళ్లేలా సెల్యులార్ ఉందో లేదో అడగండి. మీరు గుంటూరులో ఉన్నప్పుడు ఇక్కడి అర్ధరాత్రి మీకు పట్టపగలు, ఫోన్ మోగితే చూడగలరు గానీ వచ్చి చూడలేరు. కాంటాక్ట్ లిస్టులో తాళంచెవి ఉన్న స్నేహితుల పేరు ముందు పెట్టించండి. బంగారం మాత్రం బ్యాంకు లాకర్‌లో పెట్టి వెళ్లండి. చాలా హోమ్ ఇన్సూరెన్స్ పాలసీల్లో నగల దొంగతనానికి ఇచ్చేది 1,500 డాలర్ల దగ్గరే ఆగిపోతుంది, ఎక్కువ కావాలంటే నగల జాబితా, విలువ రాయించి విడిగా కవరేజీ తీసుకోవాలి. మీ పాలసీ కాగితం తీసి ఆ ఒక్క పేరా చదవండి.

చివరగా అత్తయ్య గారి గురించి. పగలు మీరు ఆఫీసుకు వెళ్లాక ఆమె ఒక్కరే కదా. అలారం మోగగానే మానిటరింగ్ వాళ్లు ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడుగుతారు. అది ఆమె నోరు తిరిగే మాట అయ్యుండాలి, 'మామిడి' లాంటిది ఏదైనా పెట్టండి. ఒకసారి టెస్ట్‌లో పెట్టి సైరన్ ఆమెకు వినిపించండి, మొదటిసారి నిజంగా మోగినప్పుడే వింటే గుండె ఆగినంత పనవుతుంది. మోగితే హాల్లోకి వెళ్లి చూడవద్దనీ, తన గది తలుపు గడియ పెట్టుకుని ముందు 911కి, తర్వాత మీకు ఫోన్ చేయాలనీ ఒకటికి నాలుగుసార్లు చెప్పండి. 911లో తెలుగు అని ఒక్క మాట అంటే దుబాసీని లైన్‌లోకి పిలిచే ఏర్పాటు ఉంటుంది, అదీ చెప్పండి. మన పెద్దవాళ్లకు చప్పుడైతే 'ఎవరది?' అంటూ లేచి వెళ్లడమే అలవాటు.